రెండు ఇళ్ల నడుమ దారి
ఊళ్లోని కుమారుని ఇంటికి ఇంటర్నెట్ ఉంటుంది. రెండు కిలోమీటర్ల దూరాన పొలంలో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి ఉండదు. రెండు కప్పులపై ఎదురెదురుగా డిష్ యాంటెన్నాలు నిలిపితే ఈ కొరత తీరుతుంది. ఇందుకు పనికివచ్చే 5 గిగాహెర్ట్జ్ తరంగాలను, నిర్ణీత శక్తి పరిమితికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకునే వీలును 2018లో మన ప్రభుత్వం విస్తరించింది.

శక్తిమంతమైన పరికరం కోసం వెతకడానికి ముందు మనం నడుమ ఉన్న దారిని పరిశీలించాలి. అవతలి కప్పు కంటికి కనబడితే చాలదు. తరంగం దారంలా సన్నగా సాగదు. ఇంత దూరానికి నడిమధ్యన చూపురేఖ చుట్టూ దాదాపు 5 మీటర్ల మేర వ్యాపిస్తుంది. అందులో కనీసం 3 మీటర్లు అడ్డు లేకుండా ఉండాలి. ఆకులలోని నీరు తరంగాలను పీల్చుకుంటుంది. ఆకురాలిన కాలంలో చక్కగా పనిచేసిన అనుసంధానం వేప చిగురించగానే తడబడవచ్చు.

ఆ చెట్టు పొరుగువారిదైతే? కొమ్మలు నరకమని వారిని అడగడానికి ముందు మన స్తంభాన్ని ఎత్తు చేద్దాం. దానికి పిడుగుల నుండి రక్షణగా ఎర్తింగ్ చేయిద్దాం. ఒక ఇంటి కనెక్షనును మరొక ఇంటితో పంచుకోవడానికి ఒప్పందం అనుమతిస్తుందో లేదో సంస్థను అడిగి తెలుసుకుందాం. తల్లిదండ్రులకు చేసే సేవ ఇతరుల హక్కును హరించేదిగా ఉండకూడదు కదా!