పిన్నీ అంటే నోరు పడిపోతుందా?

మా పై ఫ్లాటులో అమ్మాయికి ముప్ఫయి రెండేళ్ళు. సైబర్ టవర్స్ దగ్గర ఉద్యోగం, కింద ఇరవైమంది పనివాళ్ళు. అయినా ఊళ్ళో ఉన్న నాన్న మాత్ర వేసుకున్నాడో లేదో పూటకోసారి ఫోన్ చేసి కనుక్కోకపోతే ముద్ద దిగదు. ఆహా, ఎంత ప్రేమ అనుకున్నాను.

తీరా తెలిసిందేమంటే, తల్లి పోయిన ఆరేళ్ళకు ఆయన ఒక వితంతువును పెళ్ళాడాడు. ఆ మాత్ర చేతికిచ్చేది ఆ ఇల్లాలే. ఆమెకు ఈ పిల్ల పెట్టిన పేరు "ఆవిడ". పండక్కి నాన్నను ఒక్కణ్ణే రమ్మంటుంది!

ఇది ప్రేమా? కాదమ్మా, పెత్తనం.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు తమ తొలి వితంతు వివాహం జరిపిస్తే మండిపడ్డది పెద్దలు. ఇవాళ హైటెక్ సిటీలో మూతి ముడిచేది పిల్లలు! తల్లిదండ్రుల పోషణకని 2007లో వచ్చిన చట్టం సవతి తల్లినీ తల్లిగానే లెక్కకట్టింది. చట్టానికున్నపాటి మనసు మనకు లేకపోయిందా?

"అమ్మ స్థానం ఇంకొకరికా?" అంటారు. ఎవరడిగారు తల్లీ? అర్ధరాత్రి మీ నాన్నకు ఆయాసమొస్తే లేచి వీపు రాసే చెయ్యి ఆవిడదే కదా!

తండ్రి పెళ్ళి కోసం భీష్ముడు రాజ్యమే వదులుకున్నాడు. నిన్నంత త్యాగం చెయ్యమనడం లేదు. వచ్చే సంక్రాంతికి ఇంకో విస్తరి వెయ్యి. "పిన్నీ, మీరూ రండి" అను. చాలు.