పండితునికి రాని తెలుగు

ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి విరమించినవాడను. ఆ కాలములో సీతమ్మను 'అయోనిజ' అని ఎన్ని తరగతులలో చెప్పియుందునో లెక్క లేదు. ఒకసారి తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె లేచి ఆ మాటకు అర్థమడిగినది. "నాగేటిచాలులో దొరికినది" అని చెప్పి మరుసటి పద్యానికి వెళ్లిపోయినాను. చెప్పినది అబద్ధము కాదు. అడిగినదానికి సమాధానమూ కాదు. పాతికేండ్ల తరువాత ఆ మాటే వేరొక దారిన నా యెదుటికి వచ్చినది.

నా పూర్వ విద్యార్థిని ఒకామె ఉట్నూరు ప్రాంతములో ఏ.ఎన్.ఎం.గా పనిచేయుచున్నది. మొన్న కరీంనగరులోని మా ఇంటికి వచ్చి, ఒక మడత కాగితము నా చేతిలో పెట్టినది. ఆమె చెల్లెలు మస్కట్‌లో భర్త దగ్గర కొన్ని నెలలుండి తిరిగివచ్చినది. అక్కడి డాక్టరమ్మ గర్భము రాకుండుటకు 'రింగు' వ్రాసి ఇచ్చినదట. డబ్బాలోని కాగితము ఇంగ్లీషులోను, అరబ్బీలోను ఉన్నది.

"మా చెల్లె పది దాకనే చదివింది సార్. ఆమెకు సమజయ్యేటట్టు తెలుగుల రాసియ్యుండ్రి."

"నేను వైద్యుడను కాను గదమ్మా" అన్నాను.

"వైద్యం నేను సూసుకుంట. తెలుగు మీరు సూడుండ్రి."

కాగితము వెనుక ఆ చెల్లెలు పెన్సిలుతో తన సందేహములు వ్రాసి పంపినది. లోపలికి పోయి మళ్ల దొరకకపోతే ఎట్ల? మా ఆయనకు తెలుస్తదా? జారి పడితే? ఆయన సెలవు మీద వచ్చినప్పుడే పెట్టుకుంటే సాలదా? పిల్లలు కావాలనుకుంటే మళ్ల అయితరా? చివరన, కొంచెము చిన్న అక్షరాలతో: నేను బీడీలు చేస్త, తాగ, నాకు పనికొస్తదా?

ఇంత చక్కని ప్రశ్నపత్రమును నా సర్వీసులో నేను తయారు చేయలేదు.

ఆ కాగితము చదివి, ఏ.ఎన్.ఎం. చెప్పగా విని, నేను వ్రాసినది ఇది. ఈ రింగు రెండు అంగుళములకు కొంచెము మించిన మెత్తని వలయము. స్త్రీ తానే పెట్టుకొని తానే తీసుకొనవచ్చును. గర్భనిరోధక మాత్రలలో ఉండు రెండు రకముల హార్మోనులే దీనినుండి కొద్దికొద్దిగా రక్తములో కలిసి, అండము విడుదల కాకుండ ఆపును. మూడు వారములు ఉంచి తీసివేయవలెను. ఒక వారము విడువవలెను. ముట్టు ఆ వారములో వచ్చును. ఆపైన తీసిన వారమునాడే క్రొత్తది పెట్టుకొనవలెను. లోపల తప్పిపోదు, ఏలయన ఆ దారి గర్భాశయ ముఖము వద్ద ముగిసిపోవును. రింగు అంతకు పైకి పోజాలదు. భర్తకు ఒక్కొక్కప్పుడు తగిలినట్లు తెలియవచ్చును, దానివలన హాని లేదు. జారి పడినచో వేడినీరు కాక మామూలు నీటితో కడిగి మూడు గంటలలోపల తిరిగి పెట్టుకొనవలెను. ఆ గడువు దాటినచో ఏడు రోజులు నిరోధ్ కూడ వాడవలెను. అది మూడవ వారమైతే ఏమి చేయవలెనో డాక్టరును అడుగవలెను. వాడుట మానినచో గర్భము వచ్చును.

తప్పు లేకుండ వాడిన నూరుగురిలో ఏడాదికి ఒక్కరికన్న తక్కువమందికే గర్భము నిలుచును. మరపు, ఆలస్యము కలిసిన నిత్యజీవితములో సుమారు ఏడుగురికి నిలుచును. సుఖవ్యాధులను ఇది ఆపదు. ముప్పదియైదేండ్లు దాటి పొగ త్రాగువారు, అధిక రక్తపోటు ఉన్నవారు, ఎప్పుడైన రక్తము గడ్డకట్టినవారు, కంటి ముందు మెరుపులతో ఒంటితలనొప్పి వచ్చువారు, రొమ్ము క్యాన్సరో కాలేయ వ్యాధియో ఉన్నవారు, పచ్చి బాలింతలు దీనిని వాడరాదు.

సెలవు సంగతి అంత సులువుగా తేలలేదు. ముట్టు మొదటి రోజున పెట్టుకొన్నచో ఆనాటినుండే పనిచేయును. ఇతర రోజులలోనైతే మొదటి ఏడు రోజులు వేరొక జాగ్రత్త కావలెను. విమానపు టికెట్టు తేదీ ముట్టు తేదీని చూచుకొని రాదు గదా! ఇక బీడీల ప్రశ్న. త్రాగుటను గూర్చి ఆ కాగితములో ఉన్నది గాని, దినమంతయు తంబాకు చేతబట్టి చేటలో చుట్టుటను గూర్చి ఒక్క ముక్క లేదు. దానిని వ్రాసినవారెవ్వరును మన జగిత్యాల, సిరిసిల్ల గడపలలో కూర్చున్నవారు కారు. ఆ ఒక్క ప్రశ్నను మాత్రము స్థానిక డాక్టరమ్మనే అడుగుమని వ్రాసినాను.

తెలుగు పండితునికి ఇందులో ఏమి పని అని కొందరనవచ్చును. పని ఉన్నదనియే నా వాదము. మన స్త్రీలకు ఎన్నుకొను అవకాశము లేకపోవుటకు, అడుగుటకు మాట లేకపోవుట కూడ ఒక కారణము. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో పదునైదు నుండి నలుబది తొమ్మిదేండ్ల వివాహితలలో నూటికి సుమారు 62 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. మాత్రలు, కాపర్ టి, నిరోధ్ వాడువారు అన్నీ కలిపినను స్వల్పమే. ఛాయ మాత్ర, అంతర ఇంజెక్షను 2017 నుండి ప్రభుత్వ కార్యక్రమములోనికి వచ్చినవి; ఉచితముగా ఇచ్చువాటిలో రింగు లేదు. పురుషులు ఈ ఆపరేషనుకు కొంతైనను ముందుకు వచ్చిన జిల్లాలలో మా కరీంనగరుకు పేరుండెడిది. ఆ పేరులో నా వాటా ఏమియు లేదు.

1989లో మా రెండవ కాన్పు తరువాత మా ఆవిడకు కు.ని. ఆపరేషను జరిగినది. అప్పటికి ఆమెకు ఇరువది మూడేండ్లు. ఉద్యోగినని నాకు ప్రత్యేక ఇంక్రిమెంటు వచ్చినది. కుట్లు ఆమెవి, ఇంక్రిమెంటు నాది. నేను చేయించుకొన్నను అది వచ్చియుండెడిదే. మగవాని ఆపరేషనుకు కడుపు కోయనక్కరయు లేదు. ఆ ఊసే మా యిద్దరి నడుమ రాలేదు. మొన్న నేను ఈ కాగితము వ్రాయుచు బిగ్గరగా చదువుకొనుచుండగా ఆమె విని, "అప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవరినీ ఏమీ అడగలేదు" అని లోపలికి వెళ్లిపోయినది.

అడిగినవారు లేకపోలేదు. 1985లో హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరువులో నెట్-ఎన్ అను గర్భనిరోధక ఇంజెక్షనును పేద స్త్రీలపై పరీక్షించబూనిరి. అది పరీక్ష యని వారికి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వారు అక్కడికి వెళ్లి ప్రశ్నించిరి; మరుసటి యేడు వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరినది. ఆ సంఘటన వారే 1991లో స్త్రీల ఆరోగ్యముపై 'సవాలక్ష సందేహాలు' అను పుస్తకమును తెలుగులో తెచ్చిరి. ఆ పేరు నాకెంతో నచ్చినది. ఆ పుస్తకమును మా పాఠశాల గ్రంథాలయమునకు తెప్పించవలెనని మాత్రము అప్పుడు తోచలేదు. క్రొత్త సాధనములు వద్దనుట నా ఉద్దేశము కాదు. పటాన్‌చెరువు స్త్రీలకు కరవైనది, మస్కట్ నుండి వచ్చిన ఈ డబ్బాతోపాటు కూడ రానిది, వారి భాషలో ఒక జవాబు.

వ్రాసినది ముగించి ఏ.ఎన్.ఎం.కు చదివి వినిపించినాను. 'యోని' అన్న చోటికి వచ్చుసరికి నా గొంతు కొంచెము తగ్గినది. ఆమె గమనించినదో లేదో తెలియదు గాని, "ఆ మాట మా దిక్కు ఎవరికి తెల్వది సార్. పిల్లలు పుట్టే తొవ్వ అని రాయుండ్రి" అన్నది.

కొట్టివేసి అట్లే వ్రాసినాను. నాలుగు చోట్ల మార్చవలసి వచ్చినది.