కరోనా ఏ బడిలో పంతులు?

చాలా రోజుల తరువాత ఇటువైపు వచ్చాను. వచ్చీరాగానే తగవు పెట్టుకుంటున్నాను, మన్నించాలి.

హైదరాబాదులో ఉన్నతోద్యోగం చేసి విరమించిన మిత్రులొకరు ఈమధ్య నాకొక వ్యాసం పంపించారు. 'మహమ్మారి నేర్పిన పాఠాలు' దాని పేరు. "పండితులు గదా, అక్షరదోషాలు దిద్ది పంపండి" అన్నారు. ఎర్ర కలం పట్టుకొని కూర్చున్నాను. అక్షరదోషాలు పట్టుమని పది లేవు. 2020లో ఇంటిపట్టున ఉన్న ఆ నెలల్లో తమను తాము కనుగొన్నారట. బాల్కనీలో పిచ్చుకలను చూశారట. భార్యతో కలిసి ఆవకాయ పెట్టారట. ఇంటిపనులన్నీ స్వయంగా చేసుకోవడం అలవడిందట. చివరికి కరోనాను 'గురువు' అని సంబోధించి ఒక నమస్కారం కూడా పెట్టారు.

ఇలాంటి వ్యాసాలు మీరూ చదివే ఉంటారు. మార్చి నెల వచ్చిందంటే చాలు, మామిడిపూతతో పాటు ఇవీ వస్తాయి. శైలి మారుతుంది, పిచ్చుక బదులు కోకిల వస్తుంది, ఆవకాయ బదులు యోగాసనం వస్తుంది, గురువు మాత్రం మారడు.

ముప్పైమూడేళ్ళు బడిలో పాఠం చెప్పినవాడిగా నా మొదటి అభ్యంతరం ఆ గురుశబ్దం మీదనే. 'గు' అంటే చీకటి, 'రు' అంటే దానిని పోగొట్టేది అని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా పేరూరు మిరపతోటల్లో కూలికి వచ్చిన పన్నెండేళ్ళ బాలిక ఒకతె బస్సులు లేక ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి అడవిదారిన నడిచి నడిచి, ఇల్లు చేరకముందే 18వ తేదీన ప్రాణం విడిచింది. ఆ పిల్లకు పోగొట్టిన చీకటి ఏమిటి? అరవయ్యేళ్ళ వాడికి పిచ్చుకను చూపించడానికి పన్నెండేళ్ళ పిల్లను బలి తీసుకునే గురువును నేను ఏ పురాణంలోనూ చూడలేదు. ఏకలవ్యుని బొటనవ్రేలడిగిన ద్రోణునే ఈనాటికీ ఆక్షేపిస్తున్నాం గదా!

రెండవ అభ్యంతరం మరొక మాట మీద. ఇంగ్లీషువారి 'రెసిలియన్స్'ను మనవాళ్ళు 'స్థితిస్థాపకత' అని తెనిగించుకున్నారు. ఇది భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలోని మాట. మా బడిలో ఆ పాఠం చెప్పిన సహోపాధ్యాయుణ్ణి అడిగితే ఆయన విడమరచి చెప్పారు. బలం ప్రయోగిస్తే వస్తువు సాగుతుంది. బలం తీసివేస్తే మునుపటి ఆకారానికి వస్తుంది. ఆ గుణమే స్థితిస్థాపకత. అయితే దానికొక అవధి ఉంది. ఆ అవధి దాటి లాగితే తీగ మునుపటి పొడవుకు రాదు. ఇంకా లాగితే తెగుతుంది. తెగినదానిని చూసి "ఈ తీగకు ఆత్మస్థైర్యం చాలలేదు" అని ఏ భౌతికశాస్త్రజ్ఞుడూ అనడు. ఎంత లాగారు, ఎవరు లాగారు అని చూస్తాడు. మనం మాటను మాత్రం అరువు తెచ్చుకున్నాం, అవధిని అక్కడే వదిలేశాం.

ఇక నా సంగతి. పరులను ఆక్షేపించేవాడు తన పుస్తకం కూడా తెరిచి చూపించాలి. ఆ రోజుల్లో నేనూ ఒక నోటుపుస్తకం రాశాను. ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేస్తున్నది. పెద్దచెరువు కట్ట మీద నిశ్శబ్దాన్ని గురించి రెండు పేజీలు, సాగర్ రోడ్డు మీద లారీల మోత లేని తెల్లవారుజామును గురించి మూడు పేజీలు. మా ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగు కళాశాలలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోగా, ఆ గేట్ల ముందర టీ బండ్లు, జిరాక్సు దుకాణాలు, హాస్టళ్ళ వంటవాళ్ళు ఏమయ్యారో ఒక్క వాక్యం లేదు. నిశ్శబ్దం బాగుందని రాసుకున్నాను. అది ఎవరి నోరు మూతపడితే వచ్చిన నిశ్శబ్దమో ఆలోచించలేదు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రం అయిదింటికి అందరితో పాటు నేనూ గంట మోగించాను. మరునాడు పొద్దున, మా ఇంట్లో పదకొండేళ్ళుగా అంట్లు తోమి, ఇల్లు ఊడ్చే ఆవిడను గేటు అవతలే ఆపి, "పరిస్థితి చక్కబడేదాకా రావద్దమ్మా" అన్నాను. మార్చి జీతం ఇచ్చాను. ఏప్రిల్‌లో ఇవ్వలేదు. మరచిపోయానని రాస్తే అబద్ధం అవుతుంది. గుర్తుంది. పని చేయలేదు గదా అనుకున్నాను. పైగా ఆ మార్చి నెల పింఛనులో సగమే చేతికి వచ్చింది. ఆపిన మొత్తం తరువాత విడతలుగా తిరిగి వచ్చింది లెండి. కాని ఆ సగం కోసం ఫోనులో ఎంతమంది దగ్గర వాపోయానో లెక్కలేదు. సగం పింఛను పోతే అన్యాయం అన్నవాడికి, పూర్తి జీతం పోయిన మనిషి గేటు అవతలే ఉన్నదని తోచలేదు.

మే రెండవ వారంలో మా ఇంటావిడ అన్నం వడ్డిస్తూ అడిగింది: "ఎండాకాలం సెలవులలో మీకు జీతం ఎవరిచ్చారండీ? ఆ రెండు నెలలూ మీరేం పని చేశారని?"

ముప్పైమూడు ఎండాకాలాలు! నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం డబ్బు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. రేషను కార్డుదారులకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చిన కాలమది. "బియ్యం వచ్చినయా అమ్మా?" అన్నాను. "వచ్చినయి సార్. బియ్యమే ఉన్నయి" అన్నది. ఆ 'ఏ' ప్రత్యయం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అవధారణార్థకం అని బడిలో ఎన్నిసార్లు చెప్పానో! నూనె లేదు, పప్పు లేదు, గ్యాసు లేదు అని విడివిడిగా చెప్పకుండా ఒక్క అక్షరంతో చెప్పింది. మహమ్మారి రోజుల్లో నేను కనుగొన్న 'నన్ను' ఎవరయ్యా అంటే, గేటు ఇవతల నిలబడి ఏప్రిల్ జీతం మిగుల్చుకున్న ఈ మనిషే. ఆత్మావిష్కరణ అంటే ఇది. దీనిని ఎవరు వ్యాసంగా రాస్తారు?

మరొకటి చెప్పనివ్వండి. అదే సంవత్సరం జూలైలో సాగర్ రోడ్డు పక్కన తోపుడుబండి దగ్గర టమాటాలు ఏరుతున్నాను. బండివాడు ముఖానికి మాస్కు, తలకు తువ్వాలు. డబ్బివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుని "వద్దు సార్" అన్నాడు. గొంతు ఎక్కడో విన్నట్టుంది. నా శిష్యుడు. ఛందస్సంటే ప్రాణం పెట్టేవాడు. ఎం.ఏ. తెలుగు చదివి, పండిత శిక్షణ పూర్తిచేసి ఒక ప్రైవేటు బడిలో చేరాడు. బడి మూతపడగానే జీతమూ మూతపడింది.

"ఏం నాయనా, ఇదేమిటి?" అన్నాను, తెలిసి కూడా.

"మాస్కు పుణ్యం సార్. బడిపిల్లలు గుర్తుపడ్తలేరు" అన్నాడు.

బోధించే వృత్తి పోయి ఇడ్లీ బండి పెట్టినవారిని, ఉపాధిహామీ పనికి వెళ్ళినవారిని 'ఆదర్శం', 'స్ఫూర్తి' అని ఆ రోజుల్లో కీర్తించారు. గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటన వచ్చింది 2021 ఏప్రిల్‌లో. బడులు మూసింది 2020 మార్చిలో. నడుమ ఉన్న ఏడాదికి పైబడిన కాలానికే 'స్ఫూర్తి' అని పేరు పెట్టారన్నమాట! నా శిష్యుడు మళ్ళీ బడికి వెళ్ళలేదు. ఇప్పుడు వెంచర్లలో ప్లాట్లు చూపిస్తున్నాడు. తూర్పు ముఖం, ముప్పై అడుగుల రోడ్డు అని గణాలు విభజించినట్టు చెబుతాడు. అతనిని ఓడినవాడని నేననను, గెలిచాడని కూడా అనను. ఒక తెలుగు పంతులును మనం పోగొట్టుకున్నాం, అంతే.

ఒక మాట ఒప్పుకోవాలి. ఒంటరిగా ఒక గదిలో నెలల తరబడి ఉండి, మతి చలించకుండా రాతనో పాటనో పట్టుకుని నిలదొక్కుకున్నవారు ఉన్నారు. 2021 వేసవిలో ఆక్సిజన్ కోసం పరుగెత్తి, ఆప్తులను పోగొట్టుకుని, మళ్ళీ లేచి వంట చేసుకున్నవారు ఉన్నారు. వారు చెబితే నేను చేతులు కట్టుకుని వింటాను. తన ఓర్పును గురించి చెప్పుకునే హక్కు ఓర్చినవారిది. ఓర్పును ఇతరులకు మందుచీటీగా రాసి ఇచ్చేవారితోనే నా జగడం.

వీరికి తోడు మరో వర్గం బయలుదేరింది. మన మడీ ఆచారమే శాస్త్రమని తేలిపోయిందన్నారు. కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రావడం మంచిదే, ఎవరు కాదన్నారు? కాని మడి మనుషులను చూసి తప్పుకున్నది, సూక్ష్మజీవులను చూసి కాదు. 'సామాజిక దూరం' అని పత్రికలు రాసినప్పుడల్లా నాకు చిరాకు కలిగేది. అది ఈ దేశంలో ఎప్పుడు లేదు గనుక? ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2020 మార్చిలోనే 'భౌతిక దూరం' అనడం మేలని చెప్పింది. మన పత్రికలు చాలాకాలం వినలేదు.

విపత్తు తరువాత ఏం చేయాలో మన హైదరాబాదుకు తెలియనిది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టును పట్టుకుని సుమారు 150 మంది బ్రతికారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది. కొమ్మను వదలని ఆ చేతులకంటె స్థైర్యం ఏముంటుంది? అయినా ఆనాటి పాలకులు ప్రజలకు చెట్లెక్కడం నేర్పలేదు. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టి నిలబెట్టారు. రాచరికాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు సుమా! నీటిని ఆపడం పని అని గ్రహించారు, అంతవరకే.

మనం ఏం కట్టాము? పెద్ద సంగతులు నాకు తెలియవు, బడి సంగతి తెలుసు. 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. అవి మూడవ తరగతి నుండి పదవ తరగతి వరకే. ఒకటి, రెండు తరగతుల వారికి అవీ లేవు. ఆ ఏడు ఒకటిలో చేరవలసిన పసివాళ్ళు, 2021 సెప్టెంబరు 1న బడి తలుపులు తెరిచేసరికి రెండవ తరగతి పిల్లలైపోయారు. పలక మీద 'అ' దిద్దే ఏడాది వారి బ్రతుకులో లేదు. మా వీధిలో అలాంటి అమ్మాయి ఉంది. తెలివైనది. చదువుతూ చదువుతూ ఒత్తు దగ్గర ఆగుతుంది. 'కష్టము' అన్న మాటను 'కషటము' అని కూడబలుక్కుని, నా ముఖం చూస్తుంది. సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టుకుని ఒత్తులు దిద్దిస్తున్నాను. ఆ పిల్లకు కరోనా నేర్పిన పాఠం ఏదో నాకు కనిపించలేదు. ఎగ్గొట్టిన పాఠాలు మాత్రం రోజూ కనిపిస్తున్నాయి.

మిత్రుని వ్యాసం దిద్ది పంపేశాను. దీర్ఘాలు రెండు, వత్తులు మూడు. 'ఇంటిపనులన్నీ మేమే చేసుకోవడం నేర్చుకున్నాము' అన్న వాక్యం కింద ఎర్ర గీత గీసి, పక్కన ఒక ప్రశ్న రాశాను: "అంతకుముందు ఆ పనులు చేసిన ఆవిడ ఆ నెలల్లో ఏం తిన్నారు?"

రెండు వారాలైంది. జవాబు రాలేదు.