చెప్పి వెళ్లడం చిన్నతనం కాదు

ఎడారిలో కార్చిచ్చేమిటి, ఇసుక కూడా కాలుతుందా అని ఒకప్పుడు నవ్వాను. కిందటేడు వేసవిలో అమెరికాలో, ఫీనిక్స్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాక ఆ నవ్వు పోయింది.

అక్కడి సొనోరా ఎడారి ఇసుకదిబ్బల ఎడారి కాదు. తాడిచెట్టంత జెముడు చెట్లు, ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ లేకుండా అల్లుకున్న పరాయి దేశపు గడ్డి. చలికాలం వానలకి పెరిగిన ఆ గడ్డి వేసవికల్లా వరిగడ్డిలా ఎండిపోతుంది. 2020 జూన్‌లో ఆ ఊరికి ఈశాన్యాన రోడ్డు పక్కన ఒక బండికి అంటుకున్న మంట 1,90,000 ఎకరాలకు పైగా కాల్చేసింది.

అలాంటి కొండదారుల్లో మా చెల్లెలు శనివారం శనివారం ఒక్కతే నడవడానికి పోతుంది. ఎక్కడికే, ఎప్పుడొస్తావే అంటే దానికి కోపం. "పెళ్లయ్యేదాకా నాన్నకి, తర్వాత ఈయనకి చెప్పీ చెప్పీ విసుగొచ్చిందక్కా. ఇక్కడన్నా చెప్పకుండా వెళ్లనీ" అంది. కాదనలేకపోయాను. వీధి చివర కూరల కొట్టుకి వెళ్లొచ్చినా సంజాయిషీ ఇచ్చుకునే బతుకులే కదా మనవి!

ఒక శనివారం తెల్లవారుజామున వెళ్లింది, మధ్యాహ్నం ఒంటిగంటైనా రాలేదు. కొండల్లో ఫోను పలకదు. ఏ దారిన వెళ్లిందో మా మరిదికీ తెలీదు. పోలీసుల్ని పిలిచినా ఎక్కడ వెతకమని చెప్పాలి? రెండున్నరకి వచ్చింది, మొహం కందిపోయి, ఖాళీ నీళ్ల సీసాతో. దారి తప్పిందట.

ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. అనుమతి అడగడం వేరు, ఆనవాలు వదిలి వెళ్లడం వేరు.

మిగతావన్నీ మన వంటింటి తెలివే. స్టవ్ దగ్గర నైలాన్ చీర వద్దని అమ్మ చెప్పినట్టే, నిప్పు పుట్టే చోటికి నూలు బట్టలే మేలు. తెచ్చుకున్న నీళ్లలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ఆపదకి. ఎండ ముదరకముందే తిరుగుముఖం పట్టాలి. వేడెక్కిన కారుని ఎండుగడ్డి మీద ఆపకూడదు. మంట కొండపైకి వేగంగా పాకుతుంది కనుక పొగ కనిపిస్తే పైకి పరుగెత్తకూడదు. మంటకి దూరంగా, గడ్డి లేని రాతినేలకో, ఇసుక వాగుకో దిగాలి. అయితే జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా వానల కాలం. ఎక్కడో కురిసిన వానకి ఆ వాగే ఉన్నట్టుండి పొంగుతుంది. ఆకాశం మబ్బు పట్టి ఉంటే అక్కడ నిలబడరాదు.

ఇప్పుడు వాళ్లింట్లో ఫ్రిజ్ మీద ప్రతి శనివారం ఒక చీటీ ఉంటుంది. ఏ దారి, కారు ఎక్కడ, ఎన్నింటికి రాక, ఎన్ని గంటలు దాటితే 911కి ఫోను చెయ్యాలి. మా మరిది వెళ్లినా అదే చీటీ రాస్తాడు. అందుకే మా చెల్లెలికి ఇప్పుడు కోపం రావడం లేదు.

దూరదేశంలో పిల్లలున్న అమ్మలూ, ఫోనులో "తిన్నావా?" అని ఎలాగూ అడుగుతారు. కొండలెక్కే అలవాటుంటే, "చీటీ రాశావా?" అని కూడా అడగండి. అమ్మాయినే కాదు, అబ్బాయినీ, అల్లుణ్నీ కూడా.