లెక్కలలో ముందున్న పిల్లలు

ఆరవ తరగతికి వచ్చునప్పటికే లెక్కలలో తోటివారిని దాటిపోవు పిల్లలు మనలో కొందరుందురు. పంతులుగారు నల్లబల్లపై లెక్క వ్రాసి ముగించులోపుననే జవాబు చెప్పి, మిగిలిన గంట కిటికీవైపు చూచుచు గడుపుదురు. ఇట్టివారి విషయమున నేడు రెండే మార్గములు కానవచ్చుచున్నవి. ఒకటి, “వాడికేమి, ఎట్లయినను పైకి వచ్చును” అని ఊరకుండుట. రెండవది, ఫౌండేషను కోర్సు అను పేర తొమ్మిది, పది తరగతుల పాఠములను పదునొకండేండ్ల పిల్లలచే ముందుగానే మ్రింగించుట. ఈ రెండును మాకు సమ్మతములు కావు.

కొందరు తలిదండ్రులు అప్పు చేసియైనను రెండవ మార్గమునే పట్టుచున్నారు. సూత్రమును రెండేండ్లు ముందుగా కంఠస్థము చేయుట, గణితము రెండేండ్లు ముందుగా నేర్చుట కాదు. బీజగణిత సూత్రములను గడగడ అప్పగించు బాలుని, తొమ్మిదిచే భాగింపబడు సంఖ్యలో అంకెల మొత్తము కూడ తొమ్మిదిచే ఏల భాగింపబడునో అడిగి చూడుడు.

మహారాష్ట్రమున దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన డి. ఆర్. కాప్రేకర్ 1949లో ఒక వింతను కనుగొనెను. నాలుగంకెల సంఖ్య నొకదానిని తీసికొనుడు. అంకెలన్నియు ఒకటే కారాదు. వానిని పెద్దవి ముందుగా ఒకసారి, చిన్నవి ముందుగా ఒకసారి అమర్చి, పెద్ద సంఖ్యనుండి చిన్నదానిని తీసివేయుడు. వచ్చినదానితో మరల అట్లే చేయుడు. భాషారాష్ట్రము లేర్పడి మనలో అనేకులు సరిహద్దుకు ఈవలివారైన 1956నే తీసికొందము. 9651లో 1569 పోగా 8082. 8820లో 0288 పోగా 8532. 8532లో 2358 పోగా 6174. ఇక నెన్నిసార్లు చేసినను 6174యే. ఏ సంఖ్యతో మొదలిడినను ఏడు తీసివేతలకు మించకుండ ఇచ్చటికే చేరుదుము.

దీనికి కావలసినది తీసివేత మాత్రమే. కాని “మూడంకెలైన నేమగును?” అని తనంత తానడిగి, 495ను చేరుకొని, ప్రతి తీసివేతలోను తొమ్మిది ఏల దాగియున్నదని వెదకు బాలికకు స్థానవిలువ యొక్క అర్థమును, సంఖ్యకు బదులు అక్షరమును వాడవలసిన అవసరమును, ఉపపత్తి యనగా నేమో కూడ తెలియవచ్చును. పై తరగతి పుస్తకము తెరువకయే ఆమె ఎంతయో ముందుకు పోయినది.

మన పిల్లలకు మరియొక చిక్కు కలదు. రాజ్యాంగమునందలి 350ఎ అధికరణము మాతృభాషాబోధనను ప్రాథమిక దశకే చెప్పినది. ఆ తరువాత మాధ్యమము మారినచో, భిన్నము, లవము, హారము అని నేర్చినవాడు మాటలకై తడబడును. చూచువారు తెలివియే తక్కువ యనుకొందురు. కావున పిల్లల నెన్నుటకు మార్కులు కొలబద్ద కారాదు. రాని లెక్కను వదలక పట్టుకొని కూర్చుండు గుణమునే చూడవలెను. తెలుగున లెక్క చెప్పుట మనకు క్రొత్తయు కాదు. మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఆదివారము రెండు గంటలు సంఘభవనములో ఒక గది, ఒక నల్లబల్ల, విశ్రాంతి పొందిన ఉపాధ్యాయు లిద్దరు ఉన్న చాలును. పూటకు ఒకటి రెండు లెక్కలకు మించరాదు. పారిభాషిక పదములు తెలుగునను, రాష్ట్రభాషయందును, ఇంగ్లీషునను ప్రక్కప్రక్కన వ్రాయవలెను. గణిత ఒలింపియాడు తొలిపరీక్షకు ఎనిమిదవ తరగతివారును కూర్చుండవచ్చును. కోరినవారు వ్రాయుదురు గాక. ఆ పరీక్షయే గమ్యమైనచో మన గదియు మరియొక కోచింగు సెంటరే యగును. కార్యవర్గమువారు రానున్న సమావేశమున దీనిని చర్చకు తీసికొనవలెననియు, బోధింప నిష్టమున్న ఉపాధ్యాయులు తమ పేర్లను అంతకు ముందుగానే కార్యాలయమునకు తెలుపవలెననియు కోరుచున్నాము.