మన మీటరు ఏది?

పిల్లలూ! కొత్త ఇంట్లో చేరిన రోజు ఎవరికైనా సందడిగానే ఉంటుంది. అమ్మగారు పాలు పొంగిస్తారు. నాన్నగారు లారీవాళ్ళతో సామాన్ల లెక్క చూసుకుంటారు. కిటికీ పక్క మంచం ఎవరిదని మీరూ, మీ తమ్ముడూ పేచీ పెట్టుకుంటారు. చీకటి పడగానే స్విచ్చి నొక్కుతారు. దీపం వెలుగుతుంది. అంతటితో కరెంటు సంగతి అందరూ మరచిపోతారు.

కాని ఆ కరెంటు ఎవరిచ్చారు? దాని డబ్బు ఎవరికి కట్టాలి? ఏ నంబరు మీద కట్టాలి? అద్దె ఇంట్లో చేరినవారు మొదటి రోజునే అడగవలసిన ప్రశ్నలివి. అడగకపోతే ఏమవుతుందో, జవాబు ఎలా దొరుకుతుందో ఈ నెల చెప్పుకుందాం.

ఇందుకు హైదరాబాదులోని తార్నాకను ఉదాహరణగా తీసుకుందాం. ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే చౌకీ. ఒకప్పుడు ఇక్కడ తీగల కంచె వేసిన చౌకీ ఉండేదనీ, అందువల్లనే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. పక్కనే 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. గులాబిరంగు రాతితో కట్టిన దాని ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939లో ప్రారంభించారు. ఆ చుట్టుపక్కల పెద్ద పెద్ద పరిశోధనశాలలు కూడా ఉన్నాయి. పోషకాహార పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. చదువుకోవడానికి వచ్చేవారూ, ఉద్యోగానికి వచ్చేవారూ ఎక్కువ కనుక తార్నాకలో అద్దె ఇళ్ళు ఎక్కువ. ఒక మేడలో నాలుగు వాటాలుంటే, మెట్ల కింద గోడకు నాలుగైదు మీటర్లు వరసగా బిగించి ఉంటాయి. వాటిలో మీది ఏది?

ముందు, కరెంటు ఇచ్చేది ఎవరో తేల్చుకుందాం. ఇంటివారిని అడిగితే పాత బిల్లుల కట్ట తెచ్చి ఇస్తారు. అందులో ఒక్కొక్క బిల్లు మీద ఒక్కొక్క పేరు! ఒకదాని మీద ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు’ అని ఉంటుంది. మరొకదాని మీద ‘మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ’ అని ఉంటుంది. ఇంకొకదాని మీద ‘టీఎస్‌ఎస్‌పీడీసీఎల్’, అన్నిటికన్నా కొత్తదాని మీద ‘టీజీఎస్‌పీడీసీఎల్’ అని ఉంటాయి. ఇంతమంది కరెంటు ఇచ్చారా అని మీరు తికమక పడవచ్చు.

తికమక అక్కరలేదు. తీగ అదే, పేరు మారింది. నిజాం కాలంలో, 1920లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే పవర్‌హౌసు కట్టారు. నగరంలో ఎన్నో దీపాలు దాని కరెంటుతో వెలిగాయి. ఇప్పుడది లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు వచ్చింది. కరెంటు తయారుచేయడం, దూరాలకు పంపడం, ఇళ్ళకు పంచడం అన్నీ ఆ బోర్డు పనే. 1999లో బోర్డును విడదీశారు. తయారుచేసే పని జెన్‌కోకు, పంపే పని ట్రాన్స్‌కోకు అప్పగించారు. 2000లో ఇళ్ళకు పంచే పని కోసం నాలుగు పంపిణీ సంస్థలు వచ్చాయి. హైదరాబాదు మధ్య ప్రాంత సంస్థ వాటాకు వచ్చింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడగానే ఆ సంస్థ పేరు దక్షిణ ప్రాంత సంస్థగా మారింది. 2024లో ‘టీఎస్’ పోయి ‘టీజీ’ చేరింది. దీని ప్రధాన కార్యాలయం మింట్ కాంపౌండులో ఉంది. తార్నాకలో మీరు ఏ వీధిలో ఇల్లు తీసుకున్నా కరెంటు ఇచ్చేది ఈ సంస్థే. ఎంచుకునే అవకాశమూ లేదు, వెదుక్కునే అవసరమూ లేదు.

మరి చిక్కు ఎక్కడ ఉంది? మీటరు దగ్గర ఉంది.

ప్రతి కనెక్షనుకూ తొమ్మిది అంకెల నంబరు ఒకటి ఉంటుంది. దానిని బిల్లు మీద యూఎస్‌సీ నంబరు అంటారు. డబ్బు కట్టేటప్పుడు అడిగేది ఈ నంబరే. ఇది కాక, మీటరు ముఖాన మీటరు నంబరు అని వేరే ఒకటి ఉంటుంది. బిల్లు మీద ఉన్న పేరు ఇంటివారిది కావచ్చు, వారి తండ్రిగారిది కావచ్చు, ఇల్లు కట్టి అమ్మినవారిది కావచ్చు. పేరు చూసి కంగారు పడనక్కరలేదు. నంబర్లు సరిపోయాయా అన్నదే ముఖ్యం.

నాలుగు మీటర్లలో రెండు తారుమారు అయ్యాయనుకోండి. మీ నాన్నగారు ప్రతి నెలా తప్పకుండా డబ్బు కడుతూనే ఉంటారు, కాని అది పక్కవాటావారి లెక్కలో పడుతుంది. పక్కవాటా ఖాళీగా ఉండి, వారి పేర కట్టేవారు ఎవరూ లేకపోతే మీ మీటరు మీద బకాయి పెరుగుతుంది. ఒకరోజు లైన్‌మాన్ వచ్చి మీ కరెంటు తీసేస్తాడు. ‘నేను కట్టానయ్యా!’ అని రసీదులు చూపినా, ఆ రసీదుల మీద ఉన్న నంబరు మీది కాదు గదా! ఇరుగుపొరుగుల మధ్య మాటామాటా పెరగడానికి ఇది చాలు.

అందుకని తగాదా రాకముందే మీటరునే సాక్ష్యం అడగాలి. ఎలాగో చూడండి. ఈ పని పెద్దవారు పక్కన ఉండగానే చేయాలి. మీటరును గాని, తీగలను గాని ముట్టుకోకూడదు. మీ పని కళ్ళతో చూడడం, లెక్క వేయడం.

ఇప్పటి మీటర్ల మీద ఒక చిన్న ఎర్రదీపం మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. ఇంట్లో వాడకం పెరిగితే వేగంగా, తగ్గితే నిదానంగా మిణుకుతుంది. ఎన్ని మిణుకులకు ఒక యూనిట్ అన్నది మీటరు మీదనే రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. యూనిట్ అంటే ఏమిటి? వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే కరెంటు ఒక యూనిట్. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు అయితే ఒక్క యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది!

మొదటి పరీక్ష: నాన్నగారిని ఇంట్లోని మెయిన్ స్విచ్చి కట్టేయమనండి. మీ మీటరు మిణుకు ఆగిపోవాలి. కొన్ని మీటర్లలో దీపం ఆరిపోకుండా నిలకడగా వెలుగుతూ ఉంటుంది, అదీ ఆగినట్టే. ఒకవేళ పక్కవారు ఊరు వెళితే వారి మీటరు కూడా దాదాపు ఆగినట్టే కనిపించవచ్చు. కాబట్టి రెండో పరీక్ష కూడా చేయాలి.

రెండో పరీక్ష: మెయిన్ వేసి, మిగిలినవన్నీ కట్టేసి, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టించండి. గంటకు 3200 మిణుకులు రావాలి. అంటే నిమిషానికి సుమారు 53. ఇస్త్రీపెట్టె వేడెక్కితే దానంతట అదే ఆగుతుంది కనుక, పెట్టిన వెంటనే లెక్కపెట్టాలి. ఏ మీటరు దీపం నిమిషానికి 53 సార్లకు దగ్గరగా మిణుకుతుందో అదే మీ మీటరు.

మెయిన్ కట్టేసినా మీ మీటరు మిణుకుతూనే ఉందా? అయితే దాని నుంచి ఇంకెక్కడికో తీగ వెళ్ళిందన్న మాట. మెట్లమీది దీపమో, అందరికీ నీళ్ళు ఎక్కించే మోటారో కావచ్చు. తెలంగాణలో ఎక్కువ యూనిట్లు వాడేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. కనుక పదిమంది మోటారు ఒక్కరి మీటరు మీద నడిస్తే, ఆ ఒక్కరికీ యూనిట్లే కాదు, ధర కూడా పెరగవచ్చు. ఈ సంగతి ఇంటివారికి మర్యాదగా చెప్పాలి. ఏం జరిగిందో వారికి కూడా తెలియకపోవచ్చు. మీటర్లు తారుమారు అయితే వాటిని సరిచేయవలసింది విద్యుత్ సంస్థవారే. పక్కింటి ఎలక్ట్రీషియన్‌తో తీగలు మార్పించకూడదు. 1912 నంబరుకు ఫోను చేసి గాని, ఆ పేటలోని సెక్షన్ ఆఫీసులో కాగితం ఇచ్చి గాని ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ఇంట్లో చేరిన రోజే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మీటరు రీడింగు రాసి పెట్టుకోవాలి. ఫొటో కూడా తీసి ఇంటివారికి పంపితే మరీ మంచిది. ఎందుకో ఈ లెక్క చూడండి. పాత బిల్లులో రీడింగు 8,385. మీరు చేరిన రోజున 8,412. నెల చివర చిన్న యంత్రంతో బిల్లు తీసే మనిషి వచ్చిన రోజున 8,530. బిల్లు 145 యూనిట్లకు వస్తుంది. కాని మీరు వాడింది 118; మిగిలిన 27 ముందున్నవారివి. మొదటి రోజు రాసుకున్న ఆ ఒక్క అంకె లేకపోతే ఇది ఎవరు తేల్చగలరు?

పాత బకాయి ఉందేమో కూడా అడగాలి. మనిషి వెళ్ళిపోయినా బాకీ కనెక్షను మీద నిలిచే ఉంటుంది. 2023లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నిబంధనలు అలా ఉన్నచోట, పాత యజమాని ఎగవేసిన కరెంటు బాకీ తీరిస్తేగాని ఆ స్థలం కొన్నవారికి కొత్త కనెక్షను ఇవ్వమని పంపిణీ సంస్థ అనవచ్చునట! ఇల్లు కొన్నవారికే ఇంత చిక్కు ఉంటే అద్దెకు చేరేవారు ముందే అడగడంలో తప్పేముంది? తాజా బిల్లులో ‘బకాయి’ అన్నచోట సున్నా ఉందో లేదో చూస్తే చాలు.

హైదరాబాదులో సంస్థ ఒక్కటే కనుక ఇంతటితో సరిపోయింది. అన్ని దేశాల్లోనూ అలా ఉండదు. ఉస్మానియాలో చదివిన అన్నయ్యలూ, అక్కయ్యలూ పై చదువులకు ఇంగ్లండు వెళుతూ ఉంటారు. అక్కడ 1998, 1999 సంవత్సరాల్లో ఇళ్ళవారికి ఒక స్వేచ్ఛ ఇచ్చారు. కరెంటు ఎవరి దగ్గర కొనాలో ఎవరికి వారు ఎంచుకోవచ్చు. తీగలు ఒకరివి, కరెంటు అమ్మేవారు మరొకరు. ఒకే వీధిలో ఒకే తీగ మీద పక్కపక్క ఇళ్ళకు వేరు వేరు అమ్మకందారులు! కాబట్టి అద్దె ఇంట్లో చేరిన విద్యార్థికి, తన దీపం ఎవరి కరెంటుతో వెలుగుతున్నదో నిజంగానే తెలియదు. తెలియకపోయినా చేరిన రోజు నుంచి డబ్బు మాత్రం కట్టాలి. అప్పుడు అతను ఏం చేస్తాడు? తన కనెక్షనుకు ఉన్న 13 అంకెల నంబరో, ఇంటి చిరునామానో చెప్పి, ఆ ప్రాంతపు తీగలు చూసే సంస్థను అడుగుతాడు. వారు అమ్మకందారు పేరు చెబుతారు. మొదటి రోజు రీడింగు పంపి, ఆనాటి నుంచి లెక్క మొదలుపెట్టిస్తాడు.

చూశారా! తార్నాక అయినా లండన్ అయినా ముందుగా తెలుసుకోవలసినవి ఇవే: మన నంబరు, మన మొదటి రీడింగు. ఈ రెండూ చేతిలో ఉంటే మన బాకీ మనం తీర్చగలం. ఒకరి బాకీ మన నెత్తిన పడదు, మనది ఒకరి నెత్తిన పడదు.

ఈ నెల మీకు ఒక పని. అద్దె ఇల్లయినా సొంత ఇల్లయినా సరే, పెద్దవారితో కలిసి మీటరు దగ్గరికి వెళ్ళండి. బిల్లు మీది మీటరు నంబరూ, గోడ మీది మీటరు నంబరూ ఒకటేనా చూడండి. యూఎస్‌సీ నంబరు, ఆనాటి రీడింగు, తేదీ మీ నోటుపుస్తకంలో రాయండి. సరిగ్గా వారం తరువాత మళ్ళీ వెళ్ళి చూడండి. ఆ వారంలో మీ ఇంట్లో ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో బిల్లు రాకముందే మీరే చెప్పేస్తారు!