వికలాంగుల హక్కు మన కోర్కెల పత్రంలో ఎక్కడ?

రైల్వే సోదరులు నవ్వరంటే ఒక మాట చెప్పవలెను. మేమున్న ద్వీపాలలో ప్రయాణీకుల రైలు లేదు. విశాఖపట్నంలోనో, చెన్నైలోనో ఓడ ఎక్కి, రెండు మూడు దినములు సముద్రము మీద గడిపి, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగవలెను. ఊరంతా ఎత్తుపల్లాలే. ఆ ఊరిలో ఒక పేట డైరీ ఫార్మ్. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ద్వీపాలలో పెద్ద సంఖ్యలో ఉన్నవి. అట్టి కుటుంబానికి చెందిన, నా పొరుగువాడైన ఒక తపాలా సోదరుని విషయముతో ఈ వ్యాసము ప్రారంభించుటకు కారణమున్నది. ఆయన పట్ల పొరపాటు చేసినవారిలో నేనూ ఒకడిని.

సంచీ భుజాన వేసుకొని ఇరువది ఏండ్లు బీట్ తిరిగిన మనిషి. పాదము మీద పుండు మానక, చివరకు మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చినది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన నెలలోపే, వైద్య కారణములపై పెన్షను తీసుకొమ్మని సలహాలు మొదలైనవి. ఈ సలహా ఇచ్చినవారు అధికారులు మాత్రమే కారు. బంధువులు చెప్పినారు, ఇరుగుపొరుగు చెప్పినారు, బ్రాంచి నాయకులము మేమూ చెప్పినాము. చందా వసూలు చేసి, శాలువా కొని, వీడ్కోలు సభకు తేదీ కూడా నిర్ణయించినాము. దానిని సోదరభావమనుకొన్నాము.

సంతకానికి రెండు రోజుల ముందు, కాలేజీలో చదువుకొనుచున్న ఆయన కుమార్తె చేతిలో కొన్ని కాగితాలతో మా ఇంటికి వచ్చి, "బాబాయి గారూ, నాన్నను పంపించడానికి మీకింత తొందర ఏమిటండీ?" అని అడిగినది. ఆ కాగితాలు 2016 నాటి వికలాంగ వ్యక్తుల హక్కుల చట్టము ప్రతి. అందులో 20వ సెక్షను, నాల్గవ ఉపసెక్షను క్రింద ఆమె గీత గీసియున్నది. ఇన్నేండ్లుగా సంఘములో ఉండి నేను చదవని వాక్యమది.

చదవనివారి కొరకు దాని సారాంశము చెప్పెదను. ఉద్యోగములో ఉండగా వైకల్యము పొందిన ఉద్యోగిని ఏ ప్రభుత్వ సంస్థయు తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేని స్థితి ఉంటే, అదే వేతన స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో మరొక పోస్టుకు మార్చవలెను. అట్టి పోస్టు లేకపోతే, తగిన పోస్టు దొరుకువరకు గాని, పదవీ విరమణ వయస్సు వచ్చువరకు గాని సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉంచవచ్చును. ఇది కొత్త వరమేమీ కాదు. 1995 చట్టము 47వ సెక్షనులో కూడా ఈ రక్షణ ఉన్నది. విధి నిర్వహణలో గాయపడి కాలు కోల్పోయిన కునాల్ సింగ్ అను కానిస్టేబులు కేసులో 2003లో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టపరచినది. వైద్య కారణముపై పెన్షను మంజూరైనంత మాత్రాన ఈ రక్షణ పోదని చెప్పినది. మా పొరుగు సోదరుడు సంతకము చేయలేదు. కొంత కాలము ఉత్తర ప్రత్యుత్తరాలు నడచిన తరువాత సార్టింగ్ పనిలో చేరినాడు.

రైల్వే సోదరులకు ఈ విషయము ఇంకా దగ్గరిది. చూపు ఒక మెట్టు తగ్గిన లోకో పైలట్ ఏ-1 కేటగిరీ నుండి జారిన రోజున అతని ఇంటిలో ఏమి జరుగునో నేను మీకు చెప్పనక్కరలేదు. కప్లింగు మధ్య చేయి నలిగిన పాయింట్స్‌మన్, పట్టాల మీద కాలు కోల్పోయిన ట్రాక్‌మన్ మీ కాలనీలలోనే ఉన్నారు. డీకేటగరైజ్ అయినవారికి ప్రత్యామ్నాయ ఉద్యోగము ఇవ్వవలెనని రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్‌లో ఒక అధ్యాయమే ఉన్నది. అయితే గాయపడిన మనిషి మాన్యువలు చదువుకొను స్థితిలో ఉండడు. అతని భార్యకు ఆ పుస్తకము ఉన్నదనియే తెలియదు. ఆ సమయములో అతని మంచము ప్రక్కన నిలువవలసినది సంఘము. కాంట్రాక్టు కార్మికుని సంగతి వేరు. అదే పట్టాల మీద అదే పని చేసి కాలు పోగొట్టుకొన్నను, గుత్తేదారు ప్రభుత్వ సంస్థ కాడు గనుక 20(4) అతనిని కాపాడదు. అతనికి మిగిలేది నష్టపరిహారపు కేసు. ఈ వ్యత్యాసమును మనము ఎంతకాలము చూచుచు ఊరకుందుమో ఆలోచించవలెను.

మా సోదరుని విషయములో తరువాత జరిగినదే నాకు ముఖ్యము. ఉద్యోగము నిలచిన మనిషి ఊరకుండలేదు. ఆదివారములలో డైరీ ఫార్మ్ వీధులలో కర్రతో ఎక్కుచు దిగుచు, ఎవరి ఇంటిలో కదలలేని వృద్ధుడున్నాడో, ఎవరి బిడ్డకు వినికిడి లేదో కనుగొని, యు.డి.ఐ.డి. కార్డుకు దరఖాస్తులు నింపుట ఆరంభించినాడు. వైద్య ధ్రువపత్రము కొరకు ఎవరిని కలువవలెనో చెప్పును. మెయిన్‌లాండుకు చికిత్సకు పోవువారికి రైలు రాయితీ పత్రము సంగతి వివరించును. అంధుల బ్రెయిలీ పుస్తకాల ప్యాకెట్టు 7 కిలోల వరకు తపాలా రుసుము లేకుండ పోవునని, విమానములో పంపిన యెడల మాత్రమే అదనపు రుసుము ఉండునని తపాలా ఉద్యోగులకే గుర్తు చేయును. అంతకు ముందు ఆయన సంఘ సభలలో వెనుక వరుసలో కూర్చుండి టీ వచ్చిన తరువాత వెళ్లిపోవు సభ్యుడు. ఇప్పుడు మాకు ప్రతి సభలో ఒక ప్రశ్న ఆయన నుండి వచ్చును. జవాబు చెప్పలేక మేము తడబడుదుము.

అయితే ఒక హెచ్చరిక. ఆయనను ఆదర్శమూర్తిని చేసి పటము కట్టుటకు నేను సిద్ధముగా లేను. వానకాలములో కృత్రిమపు కాలు ఒరసి పుండు పడిన రోజులలో ఆయన తలుపు వేసుకొని ఎవరితోను మాటాడడు. ఆ రోజులకు కూడా ఆయనకు హక్కు ఉన్నది. ఎవరికీ స్ఫూర్తి కలిగించని, ఎవరికీ దరఖాస్తు నింపని వికలాంగ ఉద్యోగికి సైతము అదే జీతము, అదే గౌరవము చెందవలెను. 'దివ్యాంగులు' అని పేరు మార్చినంత మాత్రాన ఆఫీసు మెట్లు కరగిపోవు.

హెలెన్ కెల్లర్ పేరు మన పాఠ్య పుస్తకాలన్నిటిలో ఉన్నది. చూపు, వినికిడి రెండును లేని బాలిక అక్షరములు నేర్చిన కథ వరకే చెప్పి ఆ పుస్తకములు ఆగిపోవును. ఆమె 1909లో అమెరికా సోషలిస్టు పార్టీలో చేరినదనియు, కర్మాగారాల దుస్థితి, పేదరికము అంధత్వానికి కారణములగుచున్నవని వ్రాసినదనియు పిల్లలకు చెప్పరు. ఆమెను అంతవరకు పొగడిన ఒక పత్రికా సంపాదకుడు, ఆమె సోషలిస్టు అయిన తరువాత, ఆమె పొరపాట్లకు ఆమె వైకల్యమే కారణమని వ్రాసినాడు. జాలిపడువారి జాలి ఎంత దూరము వచ్చునో ఈ ఒక్క సంగతి చాలు.

కార్మిక సంఘములు ఈ విషయములో అన్నివేళల చేతులు ముడుచుకొని కూర్చుండలేదు అనుటకు ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1977 ఏప్రిల్‌లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో వికలాంగులు నూరుమందికి పైగా ఒక ప్రభుత్వ భవనములో బైఠాయించి, మూడు వారములకు పైగా కదలలేదు. 1973 నాటి చట్టమును అమలుపరచు నిబంధనలపై సంతకము కొరకు వారి పోరాటము. వారి ప్రతినిధులు వాషింగ్టన్ చేరినప్పుడు, చక్రాల కుర్చీలు ఎక్కు వాహనములు లేని ఆ నగరములో, వారికి ట్రక్కు ఏర్పాటు చేసినది మెషినిస్టుల కార్మిక సంఘము. ఏప్రిల్ 28న సంతకము జరిగినది. మన దేశములో 1995 డిసెంబరులో జావేద్ ఆబిదీ మొదలగువారు పార్లమెంటు వద్దకు ఊరేగింపుగా వెళ్లిన కొద్ది దినములలో బిల్లు ఆమోదము పొందినది. 2001 జనగణనలో వికలాంగుల ప్రశ్న చేర్పించుటకు కూడా వారే పోరాడవలసి వచ్చినది. 2011 జనగణన ప్రకారము దేశములో వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. ఆ పోరాటములలో మన జెండా ఎక్కడెక్కడ కనబడినదో పాత సభ్యులు జ్ఞాపకము చేసికొందురు గాక.

ఇక మన ఇంటి సంగతి. 2016 చట్టము 45వ సెక్షను ప్రకారము, నిబంధనలు ప్రకటించిన ఐదు ఏండ్లలోగా ప్రస్తుతమున్న ప్రభుత్వ భవనములన్నియు వికలాంగులు వచ్చి పోవుటకు అనువుగా మార్చవలెను. నిబంధనలు వచ్చినది 2017 జూన్‌లో. గడువు 2022 జూన్‌తో ముగిసినది. మీ స్టేషనులో, మీ తపాలా కార్యాలయములో ర్యాంపు ఉన్నదా? ఉంటే దాని క్రింద సైకిళ్లు నిలుపలేదు గదా? ఈ ప్రశ్నలు డివిజన్ స్థాయి సమావేశములలో అడుగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఉద్యోగములో వైకల్యము పొందిన ప్రతి సభ్యుని వద్దకు బ్రాంచి కార్యదర్శి వారము లోపల వెళ్లవలెనని, చట్టము ప్రతి తెలుగులో చేతికి ఇవ్వవలెనని, సంఘమునకు తెలియకుండ ఎవరును సంతకము చేయకుండ చూడవలెనని రానున్న మహాసభలో తీర్మానము ప్రతిపాదించుచున్నాను. కోర్కెల పత్రములో ఈ అంశము చిట్టచివర 'ఇతరములు' అను శీర్షిక క్రింద చేరరాదు.

గత నెల సభలో మా సోదరుడు అడిగిన ప్రశ్న ఇది: "మన సంఘ కార్యాలయము మేడ మీద ఎందుకున్నది?" అద్దె తక్కువ అని కోశాధికారి చెప్పినాడు. ఇరువదిరెండు మెట్లు ఉన్నవని ఆయన లెక్క చెప్పినాడు. ఆ మెట్లు ఎక్కి వచ్చినవాడే ఆయన గనుక మాకు మాట లేకపోయినది. కనుక రానున్న నెల సర్వసభ్య సమావేశము క్రింది వరండాలో జరుగును. అక్కడ కుర్చీలు లేవు. ఎవరి కుర్చీ వారే తెచ్చుకొనవలెనని మనవి.